ఒక చుట్టుకు ఎంత శక్తి? - 2026 ఫార్ములా వన్ పందేల కొత్త నియమాలు

ఫార్ములా అనే మాట వినగానే పాఠశాల విద్యార్థికి నీటి రసాయన సంకేతమో, వర్గ సమీకరణాన్ని సాధించే సూత్రమో జ్ఞాపకం వస్తుంది. మోటారు పందేలలో ఈ మాటకు వేరొక అర్థం ఉన్నది. పందెంలో దిగే ప్రతి కారూ లోబడి ఉండవలసిన నియమాల సంపుటికే అక్కడ ఫార్ములా అని పేరు. ఇంజను ఎంత పెద్దదిగా ఉండవచ్చు, బండి కనీసం ఎంత బరువు తూగాలి, ఏ ఇంధనాన్ని ఏ వేగంతో వాడుకోవాలి, రెక్కల కొలతలేమిటి అన్న విషయాలన్నీ అందులో ముందుగానే నిర్ణయమై ఉంటాయి. ఈ నియమాలలో అగ్రశ్రేణికి చెందినది ఫార్ములా వన్. దాని ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950 మే 13 న ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో ఆరంభమయింది.

నియమాలు మారిన ప్రతిసారీ జట్ల తలరాతలు గూడా మారుతూ వచ్చాయి. 1961 లో ఇంజను పరిమాణాన్ని రెండున్నర లీటర్ల నుంచి ఒకటిన్నర లీటరుకు తగ్గించినప్పుడు బ్రిటిష్ జట్లు ఆ మార్పును వ్యతిరేకిస్తూ కాలం గడిపినవి. ఇటలీలోని ఫెరారీ సంస్థ మాత్రం కొత్త ఇంజనును సిద్ధం చేసుకొని, ఆ ఏడు ఛాంపియన్‌షిప్‌ను ఎగరేసుకొని పోయింది. 2014 లో పెట్రోలు ఇంజనుకు విద్యుత్ మోటార్లను జతచేసే విధానం వచ్చినప్పుడు ముందుగా మేలుకొన్నది మెర్సిడెస్. ఆ సంవత్సరం జరిగిన 19 పందేలలో 16 ఆ జట్టే గెలిచింది. అందుచేతనే 2026 సీజను కొరకు ప్రకటించిన నియమాలను జట్లన్నీ కొన్ని సంవత్సరాలుగా అధ్యయనం చేస్తూ వచ్చాయి. ఇంజను, ఇంధనం, శరీర నిర్మాణం - ఈ మూడూ ఒకే ఏడాది ఇంతగా మారడం ఈ పందేల చరిత్రలో అరుదు.

ఈ మార్పులలో చాలా భాగాన్ని తొమ్మిది, పది తరగతుల భౌతికశాస్త్రంతోనే అర్థం చేసుకోవచ్చు. శక్తికి, సామర్థ్యానికి గల భేదం తెలిస్తే చాలు. పని చేయగల నిల్వ శక్తి. ఆ నిల్వను ఒక్కొక్క సెకనుకు ఎంత చొప్పున ఖర్చు చేస్తున్నామన్నది సామర్థ్యం. మొదటిదానికి కొలత జౌల్. రెండవదానికి వాట్, అంటే సెకనుకు ఒక జౌల్. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకున్నవారికి 2026 కారు ఒక చిక్కుముడిగానే కనిపిస్తుంది.

సగం పెట్రోలు, సగం విద్యుత్తు

ఇంజను రూపం పెద్దగా మారలేదు. ఆరు సిలిండర్లు, 1.6 లీటర్ల ఘనపరిమాణం, ఒక టర్బో - ఇవి 2014 నుంచి ఉన్నవే. మారినది భారాన్ని పంచుకొనే పద్ధతి. 2025 వరకు పెట్రోలు ఇంజను సుమారు 560 కిలోవాట్ల సామర్థ్యాన్ని ఇచ్చేది. చక్రాలకు జతపడిన విద్యుత్ మోటారు 120 కిలోవాట్లు ఇచ్చేది. మొత్తంలో విద్యుత్తు వాటా ఆరింట ఒక వంతు కంటె కొద్దిగా ఎక్కువ. కొత్త నియమాల ప్రకారం ఇంజను వాటా సుమారు 400 కిలోవాట్లకు దిగింది. మోటారు వాటా 350 కిలోవాట్లకు పెరిగింది. అంటే దాదాపు సగానికి సగం. 2009 లో ఈ పందేలలో మొదటిసారిగా ఇట్టి మోటారును ప్రవేశపెట్టినప్పుడు దాని సామర్థ్యం 60 కిలోవాట్లు మాత్రమే. అది గూడా ఒక చుట్టులో ఏడు సెకనుల లోపే వాడుకోవలసి ఉండేది.

ఇంజనుకు కళ్ళెం వేసిన తీరు గమనించదగ్గది. పూర్వం గంటకు 100 కిలోగ్రాములకు మించి ఇంధనం పారరాదని నియమం ఉండేది. 2026 నియమావళిలో కిలోగ్రాముల ప్రసక్తి పోయి, జౌల్‌ల ప్రసక్తి వచ్చింది. ఇంధనం ద్వారా గంటకు 3000 మెగాజౌల్‌లకు మించిన శక్తి ఇంజనులోకి పోరాదు. జట్లు వాడే ఇంధనాలు వేరువేరు కనుక, బరువును బట్టి కాక అందులోని శక్తిని బట్టి కొలవడం న్యాయం. తరగతిలో ఈ లెక్కను సులభంగా చేయించవచ్చు. గంటకు 3600 సెకనులు. 3000 మెగాజౌల్‌లను 3600 తో భాగిస్తే సెకనుకు 0.833 మెగాజౌల్, అంటే 833 కిలోవాట్లు. లోపలికి పోయేది 833, బయటికి వచ్చేది 400. ఇంజను దక్షత సుమారు 48 శాతం. మిగిలిన సగం పైచిలుకు వేడిగా మారి, పొగగొట్టం గుండా, రేడియేటరు గుండా గాలిలో కలిసిపోతుంది. రోడ్డు మీద తిరిగే మామూలు పెట్రోలు కారుకు ఇంత దక్షత అందని మాట.

ఈ వ్యర్థమయ్యే వేడిని గూడా పట్టుకొనే సాధనం ఒకటి 2014 నుంచి 2025 వరకు ఈ కార్లలో ఉండేది. ఇంజను వదిలే వేడి వాయువులు టర్బైనును తిప్పుతాయి. ఆ టర్బైను ఇరుసుకే ఒక చిన్న విద్యుత్ యంత్రాన్ని తగిలించి, కరెంటు పుట్టించేవారు. ఇది నిమిషానికి లక్షకు పైగా సార్లు తిరిగే యంత్రం. చేయడం కష్టం, ఖర్చు అపారం. రోడ్డు కార్లకు అది పనికిరాలేదు. కొత్త సంస్థలు ఈ రంగంలోకి రావడానికి అదే అడ్డుగోడ అని భావించి, 2026 నుంచి దానిని తీసివేశారు. జర్మనీకి చెందిన ఆడి సంస్థ ఇంజను నిర్మాణానికి ముందుకు రావడానికి ఈ నిర్ణయం ఒక కారణం. కాని భౌతికశాస్త్రం ఊరక వదిలిపెట్టదు. వేడి నుంచి వచ్చే విద్యుత్తు పోయింది. మోటారు ఆకలి మాత్రం మూడింతలయింది. కరెంటు ఎక్కడ నుంచి రావాలి?

పదకొండు సెకనులలో ఖాళీ అయ్యే తొట్టి

బేటరీని ఒక నీళ్ళ తొట్టిగా ఊహించుకోవచ్చు. దారి మీద ఉన్నప్పుడు ఈ తొట్టిలో నిండుకూ అడుగుకూ మధ్య తేడా 4 మెగాజౌల్‌లకు మించరాదని నియమం. ఇళ్ళలో కరెంటు బిల్లు మీద కనిపించే ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌల్‌లు. కాబట్టి ఈ పందెపు కారు వాడుకోగల నిల్వ ఒక యూనిట్ కంటె కొంచెం ఎక్కువ, అంతే. ఆ కాస్త కరెంటుతో 75 వాట్ల సీలింగు ఫ్యాను దాదాపు పదిహేను గంటలు తిరుగుతుంది. 350 కిలోవాట్ల మోటారు దానిని పదకొండున్నర సెకనులలో తాగివేస్తుంది.

ఒక చుట్టు సాధారణంగా ఎనభై, తొంభై సెకనులు పడుతుంది. పదకొండున్నర సెకనుల నిల్వతో అంతసేపు పరుగెత్తడం అసాధ్యం. కనుక తొట్టిని ఒకే చుట్టులో పలుమార్లు నింపుకుంటూ, ఖాళీ చేసుకుంటూ పోవాలి. ఇట్లా ఒక చుట్టులో తిరిగి నింపుకోగల శక్తికి సీజనుకు ముందు అచ్చయిన నియమావళిలో 8.5 మెగాజౌల్‌ల హద్దు పెట్టారు. కొన్ని స్థలాలలో ఇంకా తక్కువ. 8.5 మెగాజౌల్‌లను 350 కిలోవాట్లతో భాగిస్తే సుమారు 24 సెకనులు. అంటే ఎంత సమర్థుడైన డ్రైవరుకైనా చుట్టు మొత్తం మీద మోటారు పూర్తి సత్తువ దొరికేది ఇరవై నాలుగు సెకనులే. మిగిలిన కాలమంతా ఇంజనే దిక్కు.

నింపడానికి మొదటి మార్గం బ్రేకు. సైకిలుకు డైనమో తగిలించి తొక్కినవారికి ఈ సంగతి కాళ్ళకే తెలుసు. డైనమోను టైరుకు ఆనించగానే దీపం వెలుగుతుంది, తొక్కడం బరువవుతుంది. ఆ వెలుగు తొక్కేవాని శ్రమలోంచి వచ్చినదే. మోటారును వెనుకకు పనిచేయిస్తే అదే ఒక పెద్ద డైనమో. అది చక్రాలను ఆపుతుంది. ఆపిన శక్తిని బేటరీకి పంపుతుంది.

అట్లా ఎంత దొరుకుతుందో లెక్క వేయవచ్చు. కారు, డ్రైవరు, కొంత ఇంధనం కలిసి 800 కిలోగ్రాములనుకోండి. గంటకు 300 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 83.3 మీటర్లు, 100 కిలోమీటర్లు అంటే 27.8 మీటర్లు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గాల భేదంతో గుణిస్తే తగ్గిన గతిజశక్తి వస్తుంది. అది సుమారు 2.5 మెగాజౌల్‌లు. ఒక్క మలుపు వద్ద రెండున్నర! నాలుగు మలుపులలో పది! ఇంక కొరత ఎక్కడిది అనిపిస్తుంది.

చిక్కు కాలంలో ఉన్నది. ఈ కార్లు అంత వేగాన్ని రెండు సెకనులలో తగ్గించుకుంటాయి. మోటారు ఎంత గట్టిగా లాగినా సెకనుకు 0.35 మెగాజౌల్‌కు మించి తీసుకోలేదు. రెండు సెకనులకు 0.7 మెగాజౌల్. తక్కిన 1.8 మెగాజౌల్‌లలో కొంత గాలి నిరోధానికి పోతుంది. మిగిలినది బ్రేకు పళ్ళేలను కాల్చి, ఆరిపోతుంది. శక్తి కావలసినంత ఉన్నది. పట్టుకొనే పాత్ర మూతి మాత్రం ఇరుకు.

మరొక ఇబ్బంది గూడా ఉన్నది. బ్రేకు వేయగానే కారు ముందుకు వంగుతుంది. బరువు ముందు చక్రాల మీదకు జరుగుతుంది. బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు ప్రయాణికులు ముందుకు తూలే సంగతి లాంటిదే ఇది. కాబట్టి ఆపే పనిలో పెద్ద భాగం ముందు చక్రాలది. ఫార్ములా వన్ కారులో డైనమో ఉన్నది వెనుక ఇరుసుకు మాత్రమే. ముందు ఇరుసుకు గూడా ఒక యంత్రం తగిలించి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఆ వేరు కథను హైదరాబాదు ప్రజలు కళ్ళారా చూశారు. 2023 ఫిబ్రవరి 11 న హుస్సేన్ సాగర్ ఒడ్డున వేసిన 2.83 కిలోమీటర్ల దారి మీద ఫార్ములా ఈ పందెం జరిగింది. అవి పూర్తిగా విద్యుత్తుతో నడిచే కార్లు. వాటి వెనుక మోటారు సామర్థ్యం గూడా 350 కిలోవాట్లే. కాని ముందు ఇరుసుకు 250 కిలోవాట్ల మరొక యంత్రం ఉన్నది. అది నడపడానికి కాక, ఆపుతూ కరెంటు పుట్టించడానికే. రెండూ కలిసి 600 కిలోవాట్ల దాకా శక్తిని పట్టుకోగలవు. వెనుక చక్రాలకు మామూలు బ్రేకులే లేకుండా ఆ కార్లను నిర్మించారంటే ఈ పద్ధతి బలం తెలుస్తుంది. ఆ రోజున ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్, వెన్నంటి వచ్చిన నిక్ కాసిడీని చివరిదాకా ఆపి, పందెం గెలిచాడు. అటువంటి పందేలలో గెలుపు వేగానికి ఎంత చెందుతుందో, మిగిలిన కరెంటును లెక్కపెట్టుకున్న తీరుకు గూడా అంతే చెందుతుంది. 2026 లో ఈ లెక్కల బాధ ఫార్ములా వన్ డ్రైవరు నెత్తిన గూడా పడింది.

తిన్నని దారిలో వేగం తగ్గించడం

బ్రేకులతో తొట్టి నిండకపోతే ఇంకేమి చేయాలి? మలుపులలో ఇంజను పూర్తి సత్తువ అవసరం లేనప్పుడు, దాని మిగులుతో డైనమోను తిప్పవచ్చు. బ్రేకు వేయవలసిన చోటుకు కొంచెం ముందే ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, కారు తనంతట దొర్లుతుండగా కరెంటు పుట్టించవచ్చు. ఇవి చాలనప్పుడు మూడవ మార్గం ఒకటి ఉన్నది. అదే అందరినీ ఆశ్చర్యపరచినది. తిన్నని దారి చివరలో, డ్రైవరు ఆక్సిలరేటరును పూర్తిగా తొక్కిపట్టి ఉండగానే, మోటారు డైనమోగా మారుతుంది. ఇంజను సామర్థ్యంలో కొంత భాగాన్ని తీసుకొని బేటరీకి పంపుతుంది. కాలు కిందనే ఉన్నది. కారు మాత్రం నెమ్మదిస్తుంది.

పందెంలో ఉన్న కారు కావాలని నెమ్మదించడం తెలివితక్కువ పనిగా కనిపిస్తుంది. కాని లెక్క వేరే చెబుతున్నది. సామర్థ్యం అంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. కనుక అదే 350 కిలోవాట్లు, గంటకు 150 కిలోమీటర్ల వేగం వద్ద 8400 న్యూటన్‌ల నెట్టుడు ఇస్తాయి. 300 కిలోమీటర్ల వద్ద 4200 న్యూటన్‌లు మాత్రమే. వేగం రెట్టింపయితే నెట్టుడు సగమయింది. పైగా మలుపు దాటగానే సంపాదించుకున్న వేగం ఆ తిన్నని దారి పొడుగునా లాభమిస్తూ పోతుంది. దారి చివర సంపాదించిన వేగం మరుక్షణమే బ్రేకులలో కరిగిపోతుంది. అందుచేత మలుపు చివర ఖర్చు చేసి, దారి చివర పొదుపు చేసేవాడే మొత్తం మీద తక్కువ కాలంలో చుట్టు ముగిస్తాడు. ఇల్లు నడిపేవారికి ఈ నీతి కొత్త కాదు.

అయినా, ఇది అందరికీ రుచించలేదు. నాలుగుసార్లు ప్రపంచ విజేత అయిన నెదర్లాండ్స్ డ్రైవరు మాక్స్ వెర్‌స్టాపెన్ 2023 లోనే ఈ నియమాలను తీవ్రంగా విమర్శించాడు. పందెపు కారు దారి మధ్యలో శక్తి కొరకు వెనుకాడటం అతనికి నచ్చలేదు. ఈ విమర్శలో న్యాయం లేకపోలేదు. ముందు కారు బేటరీ నింపుకుంటూ నెమ్మదిస్తుండగా, వెనుక కారు నిండు బేటరీతో దూసుకు వస్తే రెండింటి వేగాల మధ్య తేడా హఠాత్తుగా పెరుగుతుంది. ముందు కారులో బ్రేకు దీపం వంటి సూచన ఉన్నా, గంటకు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 83 మీటర్లు దాటిపోయే డ్రైవరుకు ఆలోచించే వ్యవధి ఎంత? ఇది వినోదానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించినది.

రెక్కలు కదలడం ఎందుకు?

కారుకు అమర్చిన రెక్కలు విమానపు రెక్కలను తలక్రిందులు చేసినట్లు పనిచేస్తాయి. విమానాన్ని అవి పైకి లేపుతాయి. కారును ఇవి నేలకు అదుముతాయి. ఈ అదుముడు బలం వల్ల, కారు బరువు పెరగకుండానే టైర్ల పట్టు పెరుగుతుంది. మలుపులను వేగంగా దాటవచ్చు. దానికి చెల్లించే మూల్యం గాలి నిరోధం. గాలి నిరోధం వేగ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దానిని జయించడానికి కావలసిన సామర్థ్యం వేగ ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే సామర్థ్యం ఎనిమిది రెట్లు కావాలి.

ఇప్పుడు, 750 కిలోవాట్లతో గంటకు 340 కిలోమీటర్లు పోగల కారును ఊహించండి. బేటరీ అయిపోయి, ఇంజను 400 కిలోవాట్లు మాత్రమే మిగిలింది. 750 ని 400 తో భాగిస్తే 1.875, దాని ఘనమూలం 1.23. కారు చివరకు స్థిరపడే వేగం 340 ని 1.23 తో భాగించినంత, అంటే దాదాపు 276 కిలోమీటర్లు. ఇంత పతనాన్ని ఏ ప్రేక్షకుడూ సహించడు. గాలి నిరోధాన్ని నూటికి నలభై వంతులు తగ్గించగలిగితే మాత్రం అదే 400 కిలోవాట్లతో 327 కిలోమీటర్ల దాకా పోవచ్చు. బేటరీలో దొరకని శక్తిని గాలిలో మిగుల్చుకోవాలి. కదిలే రెక్కలు వచ్చినది అందుకే.

2011 నుంచి 2025 వరకు వెనుక రెక్కలోని ఒక పలక మాత్రమే తెరుచుకొనేది. పందెంలో ముందు కారుకు ఒక సెకను లోపు దూరంలో ఉన్నవారికే ఆ అనుమతి. 2026 నుంచి ముందు రెక్క, వెనుక రెక్క రెండూ కదులుతాయి. నిర్ణయించిన తిన్నని దారులలో ప్రతి కారూ, ప్రతి చుట్టులోనూ వాటిని చదును చేసుకోవచ్చు; మలుపు రాగానే అవి మళ్ళీ నిలబడతాయి. రెండింటినీ కలిపి కదపడంలో కారణం లేకపోలేదు. వెనుక రెక్కను మాత్రమే చదును చేసి ముందుదానిని అట్లాగే ఉంచితే కారు మూతి నేలకు అదుముకుపోయి, తోక తేలిపోతుంది.

ఈ ఉద్దేశంతోనే కారును గూడా కొంత కుదించారు. గరిష్ఠ వెడల్పు 2000 మిల్లీమీటర్ల నుంచి 1900 కు, ముందు వెనుక ఇరుసుల నడిమి దూరం 3600 నుంచి 3400 కు తగ్గినవి. టైర్ల వెడల్పును ముందు 25, వెనుక 30 మిల్లీమీటర్ల మేర తగ్గించారు. కనీసపు బరువు 2025 లో 800 కిలోగ్రాములుండగా, 2026 కు 768 అయింది. 2008 లో ఇది 605 కిలోగ్రాములే అని గుర్తుంచుకుంటే, బేటరీలూ మోటార్లూ రక్షణ సాధనాలూ ఈ కార్లను ఎంత బరువెక్కించినవో తెలుస్తుంది.

దాటి పోవడానికి ఒక సమీకరణం

వెనుక రెక్క సహాయం అందరికీ అందిన తరువాత, ముందున్నవానిని దాటడానికి వేరే ఉపాయం కావలసి వచ్చింది. ఆ ఉపాయం మోటారులోనే దొరికింది. మామూలుగా గంటకు 290 కిలోమీటర్లు దాటిన తరువాత మోటారు సామర్థ్యాన్ని క్రమంగా తగ్గించాలి. నియమావళిలోని సూత్రం ఇది: వేగాన్ని 5 తో గుణించి 1800 లో నుంచి తీసివేస్తే, అనుమతించిన కిలోవాట్లు వస్తాయి. 290 వద్ద 350. 320 వద్ద 200. 340 వద్ద 100. ఆపైన ఇంకా వేగంగా పడిపోయి, 345 వద్ద సున్న అవుతుంది. గ్రాఫు కాగితం మీద దీనిని గీస్తే ముందు అడ్డంగా, తరువాత ఏటవాలుగా, చివర నిటారుగా దిగే గీత వస్తుంది.

నిర్ణీత స్థలంలో ముందు కారుకు ఒక సెకను లోపు ఉన్న డ్రైవరుకు ఈ గీత మారుతుంది. అతనికి పూర్తి 350 కిలోవాట్లు 337 కిలోమీటర్ల వేగం దాకా దొరుకుతాయి. సున్న అయ్యేది 355 వద్ద. 330 వద్ద పోల్చి చూస్తే, ముందువానికి 150 కిలోవాట్లు, వెనుకవానికి 350. తేడా 200 కిలోవాట్లు - సుమారు 268 గుర్రాల బలం. దానితోపాటు ఆ చుట్టులో అర మెగాజౌల్ అదనపు శక్తికి గూడా అనుమతి ఉన్నది. అయితే బేటరీలో శక్తి లేకపోతే ఈ అనుమతి కాగితం మీదనే నిలిచిపోతుంది.

ఇంధనం గూడా 2026 నుంచి మారింది. భూమిలోంచి తీసిన పెట్రోలుకు బదులు, ఆహారానికి పనికిరాని వృక్షపదార్థం నుంచో, పట్టణాల చెత్త నుంచో, గాలిలోంచి పట్టిన కార్బన్ నుంచో తయారైన ఇంధనాన్నే వాడాలి. కాలినప్పుడు కార్బన్ డయాక్సైడు రాక తప్పదు. కాని ఆ కార్బన్ కొంతకాలం క్రితం వాతావరణంలోంచి తీసుకొన్నదే కావాలని ఉద్దేశం. ఇది మంచి ప్రయత్నమే. కాని దీనిని గురించి అతిగా చెప్పుకోరాదు. 2018 సంవత్సరానికి ఫార్ములా వన్ సంస్థ తానే ప్రకటించిన లెక్కలో, పందెపు కార్ల ఇంజనులు వదిలినది మొత్తం కార్బన్‌లో 0.7 శాతం మాత్రమే. సామాను రవాణాది 45 శాతం. ఈ ఇంధనానికి ఫలితమంటూ ఉంటే, అది రోడ్డు మీది కోట్లాది బండ్లకు అందినప్పుడే.

ఇరవై ఇద్దరు

2026 కొరకు ప్రకటితమైన జట్లు పదకొండు, డ్రైవర్లు ఇరవై ఇద్దరు. పదకొండు జట్లు ఉండటం 2016 తరువాత ఇదే మొదలు. అందువల్ల పందెపు వరుసను నిర్ణయించే పరీక్షలలో మొదటి విడత ఆరుగురు, రెండవ విడత ఆరుగురు తొలగి, చివరకు పదిమంది మిగులుతారు.

కొత్త నియమాల కింద జట్లను ఇంజను తయారీదారులను బట్టి చూడటం మేలు. ఎందుకంటే శక్తి లెక్కలలో ఒకే ఇంజను వాడేవారందరి అదృష్టం చాలావరకు ఒక్కటే. మెర్సిడెస్ ఇంజను నాలుగు జట్లకు అందుతుంది. సొంత జట్టులో జార్జ్ రస్సెల్, కిమీ ఆంటొనెల్లి. మెక్‌లారెన్‌లో లాండో నారిస్, ఆస్కార్ పియాస్ట్రి. విలియమ్స్‌లో అలెక్స్ ఆల్బన్, కార్లోస్ సైన్స్. ఆల్పీన్‌లో పియెర్ గాస్లీ, ఫ్రాంకో కొలపింటో. వీరిలో నారిస్ 2025 ప్రపంచ విజేత. వెర్‌స్టాపెన్ కంటె కేవలం రెండు పాయింట్ల ఆధిక్యంతో గెలిచాడు. ఆల్పీన్ జట్టుకు యజమాని అయిన ఫ్రెంచి సంస్థ రెనో ఇంజనుల తయారీ మానుకొని ఇతరుల ఇంజనును కొనుక్కోవడం చరిత్ర తెలిసినవారికి వింతగానే ఉంటుంది. 1977 లో ఈ పందేలలోకి టర్బోను తెచ్చినది ఆ సంస్థే.

ఫెరారీ ఇంజను మూడు జట్లది. సొంత జట్టులో షార్ల్ లెక్లెర్, ఏడుసార్లు ప్రపంచ విజేత లూయిస్ హామిల్టన్ ఉన్నారు. హాస్ జట్టుకు ఎస్తెబాన్ ఓకాన్, ఆలివర్ బేర్మన్. మూడవది అమెరికా నుంచి కొత్తగా వచ్చిన కాడిలాక్. అది కొత్త కుర్రవాళ్ళను తీసుకోక, సెర్జియో పెరెజ్, వాల్టెరి బొట్టాస్ అనే ఇద్దరు అనుభవజ్ఞులను పిలిపించింది. ఒకరు ఆరు, మరొకరు పది పందేలు గెలిచినవారు. 2025 లో ఇద్దరికీ నడపడానికి కారు దొరకలేదు. జట్టూ కొత్త, నియమాలూ కొత్త అయినప్పుడు డ్రైవర్లయినా పాతవారు ఉండాలన్న ఆలోచన సబబుగానే ఉన్నది.

ఆడి సంస్థ స్విట్జర్లాండులోని సౌబర్ జట్టును తీసుకొని, సొంత ఇంజనుతో దిగుతున్నది. డ్రైవర్లు నికో హుల్కెన్‌బెర్గ్, గాబ్రియెల్ బొర్టొలెటో. హోండా ఇంజను ఆస్టన్ మార్టిన్ జట్టుకు మాత్రమే. అక్కడ లాన్స్ స్ట్రోల్‌తోపాటు ఫెర్నాండో అలోన్సో ఉన్నాడు. రెడ్ బుల్ సంస్థ ఫోర్డు సహాయంతో తానే ఇంజను తయారు చేసుకొన్నది. దాని ప్రధాన జట్టులో వెర్‌స్టాపెన్ పక్కకు ఇసాక్ హజార్ ఎక్కివచ్చాడు. అనుబంధ జట్టు రేసింగ్ బుల్స్‌లో లియాం లాసన్‌కు తోడుగా, ఇరవై ఇద్దరిలో ఒకే ఒక కొత్త డ్రైవరు ఆర్విడ్ లిండ్‌బ్లాడ్ చేరాడు. ఇంగ్లండులో 2007 లో పుట్టిన ఈ యువకుని తండ్రి స్వీడన్ దేశస్థుడు. తల్లి భారతీయ సంతతికి చెందినది. అలోన్సో తన మొదటి ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్నది 2001 లో, అంటే లిండ్‌బ్లాడ్ పుట్టడానికి ఆరేళ్ళ ముందు.

పాతికేళ్ళ అనుభవం ఈ కొత్త లెక్కలలో ఎంత అక్కరకు వస్తుందన్నది వేరే ప్రశ్న. బేటరీని ఎప్పుడు ఖర్చు చేయాలో చాలావరకు ఇంజనీర్లు ముందే గణించి, కారులోని కంప్యూటరుకు నేర్పుతారు. డ్రైవరు ఒక మలుపులో ఏమాత్రం తడబడి ఆక్సిలరేటరు తొక్కే తీరు మార్చినా ఆ గణన తప్పిపోతుంది. దాని ఫలితం తరువాతి తిన్నని దారిలో కనిపిస్తుంది. ఈ నియమాల కింద మొదటి పందేనికి నిర్ణయించిన తేదీ 2026 మార్చి 8. స్థలం మెల్‌బోర్న్‌లోని ఆల్బర్ట్ పార్కు. చెరువు చుట్టూ తిరిగే ఆ దారిలో వేగవంతమైన మలుపులు ఎక్కువ. గట్టిగా బ్రేకు వేయవలసిన చోట్లు తక్కువ. తొట్టి నింపుకోవడానికి అంత అనుకూలం కాని దారిలోనే మొదటి పరీక్ష పెట్టారు.